మ్యాట్‌ల్యాబ్ లేకుండా న్యూరోపిక్సెల్స్ స్పైక్ సార్టింగ్: ఏ మెట్టు ముందు, ఏది తర్వాత?

పలమనేరు_పిల్లోడు
అందరికీ నమస్కారం. న్యూరోపిక్సెల్స్ 1.0 ప్రోబ్‌తో (మెదడులోకి దింపే సన్నటి ఎలక్ట్రోడ్) చిట్టెలుక విజువల్ కార్టెక్స్ నుంచి తీసిన గంట రికార్డింగ్, రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ స్పైక్‌జీఎల్‌ఎక్స్ ఇచ్చిన ఫైళ్లు. పైథాన్ లైబ్రరీ స్పైక్‌ఇంటర్‌ఫేస్‌తో చదివి, స్పైక్ సార్టింగ్ (ఏ స్పైక్, అంటే ఏ విద్యుత్ పల్స్, ఏ న్యూరాన్‌దో విడదీయడం) కోసం కిలోసార్ట్ 4కి ఇస్తున్నా. మెషీన్‌లో 12 జీబీ ఎన్విడియా కార్డు, 64 జీబీ ర్యామ్, 1 టీబీ ఎన్‌వీఎంఈ డిస్క్. చిక్కులు మూడు.
ఒకటి, ప్రీప్రాసెసింగ్ అంతా చేసి ఇస్తే రా ఫైల్ ఇచ్చినప్పటికంటే మంచి యూనిట్లు (ఒక్కో న్యూరాన్‌విగా తేలిన స్పైకుల గుంపులు) తగ్గుతున్నాయి.
రెండు, వైటెనింగ్ (ఛానళ్ల మధ్య ఉమ్మడి నాయిస్ తీసి, అన్నిటి నాయిస్‌నీ ఒకే స్థాయికి తేవడం) చేసి సేవ్ చేసిన ఫైల్లో దాదాపు అన్నీ సున్నాలే కనిపిస్తున్నాయి.
మూడు, స్టిమ్యులస్ వచ్చాక 50 మిల్లీసెకన్ల దగ్గర కనిపించాల్సిన రెస్పాన్స్, గంట చివరికొచ్చేసరికి పక్కకి జరిగిపోతోంది. ఇది జీవశాస్త్రమా, సాఫ్ట్‌వేరా?

స్పైక్_సుబ్బు
రెండోది తేలిక, ముందు అది వదిలించుకుందాం. వైటెనింగ్ అయ్యాక నాయిస్ స్టాండర్డ్ డీవియేషన్ 1 దగ్గరికి వచ్చేస్తుంది. రా ఫైల్ ఇంట్16 కాబట్టి మీరు టైప్ మార్చకుండా సేవ్ చేస్తే ప్రతి విలువా పూర్ణాంకానికి కుదించుకుపోతుంది. నాయిస్ అంతా 0, 1, -1. స్పైక్ శిఖరం ఏ 6కో 8కో ఆగిపోతుంది. వేవ్‌ఫార్మ్ మెట్లు మెట్లుగా కనిపిస్తుంది, చిన్న స్పైకులు పూర్తిగా పోతాయి. ఫ్లోట్32లో (దశాంశాలతో) సేవ్ చేయండి, లేదా వైటెన్ ఫంక్షన్‌లో ఇంట్_స్కేల్‌కి 200 ఇవ్వండి.
కానీ అసలు ప్రశ్న, కిలోసార్ట్‌కి వైటెన్ చేసి ఎందుకిస్తున్నారు? అది తనే చేసుకుంటుంది.
డిస్క్ సంగతి కూడా చూసుకోండి. 384 ఛానళ్లు, సెకనుకి 30,000 శాంపిళ్లు, శాంపిల్‌కి 2 బైట్లు. సెకనుకి 23 ఎంబీ, గంటకి సుమారు 83 జీబీ. ప్రీప్రాసెస్ చేసిన కాపీ ఇంకో 83. టెంపరరీ ఫైళ్లతో కలిపి 250 జీబీ ఖాళీ లేకుండా రన్ మొదలుపెట్టొద్దు. ఫ్లోట్32లో సేవ్ చేస్తే ఆ కాపీ రెట్టింపవుతుందని మరిచిపోవద్దు.

శారద_సిగ్నల్స్
మొదటి చిక్కుకి మీరు వాడిన వరుస రాయండి బాబూ. అది చూడకుండా ఎవరేం చెప్పినా ఊహే.

పలమనేరు_పిల్లోడు
మేడమ్, ఇదీ వరుస: కామన్ రిఫరెన్స్ (గ్లోబల్ మీడియన్: అన్ని ఛానళ్ల మీడియన్‌ని ప్రతి ఛానల్ నుంచీ తీసేయడం), తర్వాత 300–6000 హెర్ట్జ్ బ్యాండ్‌పాస్ ఫిల్టర్, తర్వాత ఫేజ్ షిఫ్ట్ (ఛానళ్లని చదివిన సమయాల తేడా సరిచేయడం), తర్వాత కరెక్ట్_మోషన్ (డ్రిఫ్ట్, అంటే మెదడులో ప్రోబ్ కదలిక, సరిచేయడం), చివర వైటెన్. కిలోసార్ట్ సెట్టింగులు డిఫాల్ట్.

శారద_సిగ్నల్స్
అదే అనుకున్నా. ఇందులో రెండు తప్పులు వరుసవి, ఒకటి పునరుక్తి.
మీడియన్ ముందు తీశారు. రా డేటాలో ఒక్కో ఛానల్‌కి ఒక్కో డీసీ ఆఫ్‌సెట్ ఉంటుంది. ఆఫ్‌సెట్లు ఉండగా ఛానళ్ల మీద మీడియన్ తీస్తే, ఆఫ్‌సెట్ నడిమధ్యలో ఉన్న ఒకటి రెండు ఛానళ్ల సిగ్నలే మీడియన్‌గా వస్తుంది. దాన్ని మిగతా 383 ఛానళ్లలోంచి తీసేస్తున్నారన్నమాట. ఆ ఛానల్ మీద స్పైక్ వస్తే అది తలకిందులై ప్రోబ్ అంతటా అచ్చవుతుంది. అందుకే ముందు హైపాస్ (బ్యాండ్‌పాస్ అయినా సరే, డీసీ పోవాలి), ఆ తర్వాతే మీడియన్.
ఫేజ్ షిఫ్ట్ మీడియన్ తర్వాత చేశారు. న్యూరోపిక్సెల్స్ 1.0లో 384 ఛానళ్లకి 32 ఏడీసీలే (సిగ్నల్‌ని అంకెలుగా మార్చే సర్క్యూట్లు). ఒక్కో ఏడీసీ 12 ఛానళ్లని వంతులవారీగా చదువుతుంది. ఒక శాంపిల్ వ్యవధి 33.3 మైక్రోసెకన్లు, అందులో 13 వంతులు (ఆఖరిది ఎల్‌ఎఫ్‌పీకి, అంటే నెమ్మది తరంగాలకి), అంటే ఒక్కో వంతు 2.56 మైక్రోసెకన్లు. మొదటి ఛానల్‌కీ పన్నెండో ఛానల్‌కీ తేడా 28 మైక్రోసెకన్లు. 300 హెర్ట్జ్ దగ్గర అది 3 డిగ్రీలే, పట్టించుకోనక్కర్లేదు. 6000 హెర్ట్జ్ దగ్గర 60 డిగ్రీలు. అంత తేడా ఉంటే అన్ని ఛానళ్లలో ఉన్న ఒకే నాయిస్ కూడా మీడియన్ తీసినప్పుడు సరిగా కొట్టుకుపోదు.
పునరుక్తి సంగతి: కరెక్ట్_మోషన్ చేశారు, మళ్లీ కిలోసార్ట్ డిఫాల్ట్‌గా డ్రిఫ్ట్ సరిచేస్తుంది. రెండుసార్లు ఇంటర్‌పొలేషన్ అయితే స్పైక్ ఎత్తు తగ్గుతుంది, పక్క ఛానళ్లలోకి పూసుకుపోతుంది. మీ యూనిట్లు పోయింది ఎక్కువగా ఇక్కడే.

మారతహళ్లి_మధు
చిన్న సవరణ శారద గారూ. ఫేజ్ షిఫ్ట్, బ్యాండ్‌పాస్ రెండూ లీనియర్, టైమ్ ఇన్‌వేరియంట్. ఆ రెంటిలో ఏది ముందైనా ఫలితం ఒకటే (ఇంట్16లోకి కుదించడం వల్ల వచ్చే ఇసుమంత తేడా తప్ప). ఒక ట్యుటోరియల్‌లో ఫిల్టర్ ముందుంటుంది, ఇంకో దాంట్లో ఫేజ్ షిఫ్ట్ ముందుంటుంది, కొత్తవాళ్లు చూసి కంగారుపడతారు. మీడియన్ మాత్రమే నాన్ లీనియర్, దాని చోటే కదలకూడదు.

శారద_సిగ్నల్స్
ఒప్పుకున్నా. అయితే పాడైన ఛానళ్ల తనిఖీ ఎక్కడ పెడతారో కూడా చెప్పండి, అది మీ పేటెంట్ కదా :)

మారతహళ్లి_మధు
హైపాస్, ఫేజ్ షిఫ్ట్ అయ్యాక, మీడియన్‌కి ముందు. డిటెక్ట్_బ్యాడ్_ఛానల్స్‌లో కోహెరెన్స్ (పక్క ఛానళ్లతో పోలిక), పీఎస్‌డీ (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత శక్తి) కలిపిన పద్ధతి వాడండి. అది నాలుగు లేబుళ్లిస్తుంది: మంచిది, చచ్చినది, నాయిస్, మెదడు బయటిది. ఈ ఆఖరి లేబుల్ ముఖ్యం. ప్రోబ్ పైభాగం మెదడు బయట సెలైన్‌లోనో జెల్‌లోనో ఉంటుంది. ఆ 60, 80 ఛానళ్ల నాయిస్ తీరే వేరు, వాటిని మీడియన్‌లో కలిపితే మొత్తం రిఫరెన్స్ చెడుతుంది. బయటివాటిని తీసేయండి. మధ్యలో చచ్చినవి ఒకటీ అరా ఉంటే ఇంటర్‌పొలేట్ చేయొచ్చు, తీసేసినా నష్టం లేదు.
191వ ఛానల్ (సున్నా నుంచి లెక్కపెడితే) పాడైనట్టు చూపిస్తే ప్రోబ్ పోయిందని కంగారుపడొద్దు. 1.0 ప్రోబ్‌లో అది రిఫరెన్స్ సైటు.
లేబుళ్లని గుడ్డిగా నమ్మకుండా ఒకసారి ప్లాట్_ట్రేసెస్‌లో కలర్ మ్యాప్ మోడ్ పెట్టి 200 మిల్లీసెకన్లు చూడండి. నిలువు చారలు కనిపిస్తే కామన్ నాయిస్ ఇంకా ఉన్నట్టు. ఒకే అడ్డగీత మెరుస్తుంటే ఆ ఛానల్ పాడు.

జీపీయూ_గోపి
వరుస తేలింది కాబట్టి ఇన్‌స్టాలేషన్ సంగతి. ఇక్కడ ప్రతి నెలా ఎవరో ఒకరు "కిలోసార్ట్ రాత్రంతా నడిచినా అవ్వలేదు" అని వస్తారు. విండోస్‌లో పిప్‌తో కిలోసార్ట్ వేస్తే అది వాడే పైటార్చ్ లైబ్రరీ సీపీయూ వెర్షన్ వచ్చి కూర్చుంటుంది. ఎర్రర్ ఏమీ రాదు, చడీచప్పుడు లేకుండా ప్రాసెసర్ మీద నడుస్తూనే ఉంటుంది. పైథాన్‌లో టార్చ్.కుడా.ఈజ్_అవైలబుల్ అడగండి. ఫాల్స్ వస్తే టార్చ్ తీసేసి, మీ డ్రైవర్‌కి సరిపడే కుడా వెర్షన్‌తో పైటార్చ్ సైట్‌లో ఇచ్చిన కమాండ్ వాడి మళ్లీ వేయండి. కిలోసార్ట్‌ని మాత్రం ముట్టుకోవద్దు.
12 జీబీ కార్డు మీ డేటాకి చాలు. అయినా మెమరీ చాలలేదని ఆగిపోతే ముందు ఎన్విడియా-ఎస్‌ఎంఐ (కార్డు మెమరీ ఏది వాడుతోందో చూపే కమాండ్) చూడండి. పాత జూపిటర్ కెర్నల్ ఒకటి మెమరీ పట్టుకుని కూర్చుని ఉంటుంది, పదిసార్లలో ఏడుసార్లు అదే. అది కాకపోతే క్లియర్_క్యాష్ ట్రూ చేయండి, కొంచెం నెమ్మదిస్తుంది. అదీ చాలకపోతే బ్యాచ్_సైజ్ డిఫాల్ట్ 60,000 శాంపిళ్లు (2 సెకన్లు), దాన్ని తగ్గించండి. మరీ తగ్గిస్తే ఒక్కో బ్యాచ్‌లో స్పైకులు చాలక డ్రిఫ్ట్ అంచనా గతుకులు పడుతుంది.
బెంగళూరు ఎస్‌పీ రోడ్డులో ఎన్‌వీఎంఈ కొనేవాళ్లకి ఒక మాట: డబ్బాలో రాసిన గరిష్ఠ వేగం చూసి కొనొద్దు. క్యాష్ నిండాక రాసే వేగం ఎంతో అడగండి, చౌక డ్రైవులు అక్కడే చతికిలపడతాయి. వరసగా 80 జీబీ రాసే పని మనది.
యూపీఎస్ లేని మెషీన్ అయితే ప్రీప్రాసెస్ చేసిన రికార్డింగ్‌ని ముందు డిస్క్ మీద సేవ్ చేసి, దాన్ని సార్టర్‌కి ఇవ్వండి. కరెంట్ పోతే అక్కడ్నుంచి అందుకోవచ్చు.

పలమనేరు_పిల్లోడు
టార్చ్ ట్రూ అనే వస్తోంది గోపి అన్నా. డ్రిఫ్ట్ విషయం: కరెక్ట్_మోషన్ ఉంచి కిలోసార్ట్‌ది ఆపాలా, అది తీసేసి కిలోసార్ట్‌కే వదలాలా?

హెబ్బాళ్_హరిణి
ఏదో ఒకటే, రెండూ వద్దు. ఏది అనేది మోషన్ ప్లాట్ చూసి తేల్చాలి.
ముందు స్పైక్ రాస్టర్ గీయించండి. అడ్డంగా సమయం, నిలువుగా లోతు, ఒక్కో చుక్కా ఒక్కో స్పైక్, రంగు దాని ఎత్తు. డ్రిఫ్ట్ లేని రికార్డింగ్‌లో చుక్కల పట్టీలు తిన్నగా పోతాయి. 1.0 ప్రోబ్‌లో సైట్ల వరుసల మధ్య దూరం 20 మైక్రాన్లు. పట్టీ 20 మైక్రాన్లు జరిగిందంటే న్యూరాన్ ఒక వరుస దాటి పక్క వరుస ముందుకొచ్చినట్టే.
పట్టీలన్నీ కలిసికట్టుగా పైకీ కిందకీ ఊగుతుంటే రిజిడ్ (ప్రోబ్ మొత్తానికీ ఒకే కదలిక) చాలు. కిలోసార్ట్‌లో ఎన్‌బ్లాక్స్ (కదలికని విడిగా అంచనా వేసే భాగాల సంఖ్య) 1, డిఫాల్ట్ కూడా అదే. పైన ఒక రకంగా, అడుగున ఇంకో రకంగా కదులుతుంటే ఎన్‌బ్లాక్స్ 5 ఇవ్వండి. మధ్యలో ఎక్కడో నిట్టనిలువుగా తెగి, పట్టీలు వేరే చోట మొదలైతే అది ప్రోబ్ ఒక్కసారిగా జారడం. దాన్ని ఏ పద్ధతీ సరిగ్గా అతకలేదు. అక్కడ కోసి రెండు భాగాలుగా సార్ట్ చేసుకోవడం మేలు.
కిలోసార్ట్ బయట చేస్తే నా ఓటు కరెక్ట్_మోషన్‌లో డ్రెడ్జ్ ప్రీసెట్‌కి. అప్పుడు స్పైక్‌ఇంటర్‌ఫేస్ ద్వారా కిలోసార్ట్‌ని పిలిచేటప్పుడు డూ_కరెక్షన్ ఫాల్స్ ఇవ్వండి, లేదా ఎన్‌బ్లాక్స్ 0. డ్రిఫ్ట్ కరెక్షన్ పెట్టిన ప్రతిసారీ మోషన్ కర్వ్ ప్లాట్ చూడాల్సిందే. రాస్టర్‌లో లేని ఊపు కర్వ్‌లో కనిపిస్తే అంచనా తప్పింది, అప్పుడు సరిదిద్దకపోవడమే సరిదిద్దినట్టు.
32 ఛానళ్ల ప్రోబులు, టెట్రోడ్లు (నాలుగు తీగల ఎలక్ట్రోడ్లు) వాడేవాళ్లు డ్రిఫ్ట్ కరెక్షన్ ఆపేయండి. లోతు అంచనా వేయడానికి సరిపడా ఛానళ్లు ఉండవు.

స్పైక్_సుబ్బు
ఇక మూడో చిక్కు. అది జీవశాస్త్రం కాదు, గడియారాలు. స్టిమ్యులస్ ఎప్పుడు వచ్చిందో పట్టే ఫోటోడయోడ్ సిగ్నల్ ఎన్ఐ కార్డులోకి (ప్రోబ్ కాని సిగ్నల్స్ రికార్డ్ చేసే కార్డు) వెళ్తోంది కదా? ప్రోబ్ బేస్ స్టేషన్‌కి ఒక గడియారం, ఎన్ఐ కార్డుకి ఇంకోటి. రెండూ 30,000 అని చెప్పుకుంటాయి, నిజంగా ఏదీ ఖచ్చితంగా అంత ఉండదు. ఒకటి 30,000.3 అయితే తేడా పది లక్షల్లో పది వంతులే. కానీ 3600 సెకన్లలో అది 36 మిల్లీసెకన్లు. 50 దగ్గర ఉండాల్సిన శిఖరం 14కో 86కో పోతుంది.
మెటా ఫైల్లో క్యాలిబ్రేట్ చేసిన శాంపిల్ రేటు ఉంటుంది, మీ కోడ్‌లో 30000 అని చేత్తో రాసి ఉంటే ముందు అది తీసేయండి. అసలు మందు సింక్ పల్స్. స్పైక్‌జీఎల్‌ఎక్స్ రెండు స్ట్రీముల్లోకీ సెకనుకి ఒక చదరపు పల్స్ పంపగలదు. రెండు వైపులా ఆ అంచులు పట్టుకుని, టీప్రైమ్ అనే టూల్‌తో ఒక గడియారం సమయాల్ని ఇంకోదానిలోకి మార్చండి. చేత్తో చేసుకున్నా కష్టం లేదు: అంచుల సమయాల మధ్య లీనియర్ ఇంటర్‌పొలేషన్. మొదటి అంచు, ఆఖరి అంచు మాత్రమే తీసుకుని ఒకే గీత గీయొద్దు, వేడెక్కే కొద్దీ గడియారం వేగం మారుతుంది.
అంచుల సంఖ్య రెండు వైపులా ఒకటేనా లెక్కపెట్టండి. ఒక్కటి తేడా ఉన్నా అక్కడ్నుంచి అన్నీ ఒక సెకను తప్పుతాయి.

కోనసీమ_కొబ్బరాకు
సార్టింగ్ అయ్యాక సంగతి ఎవరూ ఎత్తలేదు. కిలోసార్ట్ "గుడ్" అన్నవన్నీ సింగిల్ న్యూరాన్లు కావు. సార్టింగ్_ఎనలైజర్ కట్టి, ర్యాండమ్ స్పైకులు, వేవ్‌ఫార్మ్‌లు, టెంప్లేట్లు, నాయిస్ లెవెళ్లు, స్పైక్ ఆంప్లిట్యూడ్లు, ఆ తర్వాత క్వాలిటీ మెట్రిక్స్ లెక్కించండి. ఎనలైజర్‌కి వైటెన్ చేయని రికార్డింగ్ ఇవ్వాలి. వైటెన్ చేసింది ఇస్తే ఎత్తులు మైక్రోవోల్టుల్లో ఉండవు.
ఐఎస్ఐ వయొలేషన్ (ఒకే న్యూరాన్‌కి సాధ్యం కానంత దగ్గరగా వచ్చిన స్పైకులు) విషయంలో చాలామంది "1 శాతం కంటే తక్కువైతే మంచిదే" అంటారు. ఒక లెక్క చూడండి. గంటలో 18,000 స్పైకులు, అంటే 5 హెర్ట్జ్ యూనిట్. రిఫ్రాక్టరీ హద్దు (ఒక స్పైక్ తర్వాత న్యూరాన్ మళ్లీ ఫైర్ కాలేని వ్యవధి) 1.5 మిల్లీసెకన్లు. తప్పులు పడగల మొత్తం వ్యవధి 2 × 18,000 × 0.0015, అంటే 54 సెకన్లు. తప్పులు 180 వస్తే అది స్పైకుల్లో సరిగ్గా 1 శాతం. కానీ ఆ 54 సెకన్లలో 180 అంటే సెకనుకి 3.3, యూనిట్ రేటు 5తో భాగిస్తే 0.67. అంటే వేరే న్యూరాన్ల నుంచి కలిసిన స్పైకుల రేటు యూనిట్ రేటులో సుమారు మూడింట రెండు వంతులని అంచనా. ఆ యూనిట్ కిచిడీ. 27 తప్పులు వస్తే నిష్పత్తి 0.1, అది ఫర్వాలేదు. శాతంలో చూస్తే 0.15 మాత్రమే. నెమ్మదిగా ఫైరయ్యే న్యూరాన్లకి శాతం పచ్చి అబద్ధం చెబుతుంది, నిష్పత్తే చూడండి.
మొదలుపెట్టడానికి: ఐఎస్ఐ నిష్పత్తి 0.5 కంటే తక్కువ, ఆంప్లిట్యూడ్ కటాఫ్ (థ్రెషోల్డ్ కిందపడి తప్పిపోయిన స్పైకుల అంచనా వాటా) 0.1 కంటే తక్కువ, ప్రెజెన్స్ రేషియో (రికార్డింగ్‌లో యూనిట్ కనిపించిన కాలం వాటా) 0.9 పైన.

మారతహళ్లి_మధు
ఆ మూడు అంకెల్ని శాసనం చేయకండి. ఒక ప్రత్యేక స్టిమ్యులస్‌కే ఫైరయ్యే న్యూరాన్ ప్రెజెన్స్ రేషియో 0.4 ఉంటుంది, అది దాని స్వభావం. దాన్ని పారేస్తే మీరు వెతుకుతున్న సెల్‌నే పారేసినట్టు. డ్రిఫ్ట్ వల్ల మాయమైందా, స్టిమ్యులస్ లేక ఊరుకుందా అన్నది ఎత్తులు చూస్తే తెలుస్తుంది. ఎత్తు క్రమంగా తగ్గి థ్రెషోల్డ్ దగ్గర అదృశ్యమైతే డ్రిఫ్ట్. ఎత్తు మారకుండా ఫైరింగ్ ఆగితే న్యూరాన్.
ఇంకా, నిష్పత్తి 0.5 హద్దు నా దృష్టిలో మరీ ఉదారం. పాపులేషన్ డీకోడింగ్‌కి సరిపోతుంది. రెండు న్యూరాన్ల మధ్య కనెక్షన్ వెతికేవాళ్లు 0.1 దాటనివ్వకూడదు.

కోనసీమ_కొబ్బరాకు
0.1 పెడితే ఒక్కోసారి సగం యూనిట్లు ఎగిరిపోతాయి. హద్దు ఏదైనా ఫిల్టర్ చేసి పారేయకుండా మెట్రిక్స్ పట్టికలోనే ఉంచి, విశ్లేషణ దగ్గర కోయడం నా పద్ధతి. రెండు హద్దులతోనూ అదే ఫలితం వస్తుందా అని తర్వాత చూసుకోవచ్చు.

హెబ్బాళ్_హరిణి
ఫై (సార్టింగ్ ఫలితాన్ని కంటితో చూసి దిద్దే ప్రోగ్రామ్) తెరిచి యూనిట్లని చేత్తో కలిపేవాళ్లకి, క్రాస్ కోరెలోగ్రామ్ (ఒక యూనిట్ స్పైక్‌కి ముందూ వెనకా రెండోది ఎప్పుడు ఫైరైందో చూపే గ్రాఫ్) చదివే తీరు. రెండు యూనిట్ల వేవ్‌ఫార్మ్ ఒకేలా ఉంది, కలపాలా? మధ్యలో సున్నా దగ్గర లోయ ఉంటే, అంటే ఒకటి ఫైరయ్యాక ఒకటిన్నర మిల్లీసెకన్ల దాకా రెండోది ఫైర్ కాకపోతే, అది ఒకే న్యూరాన్ రెండు ముక్కలైంది. కలపండి. బరస్ట్‌లో ఎత్తు తగ్గే న్యూరాన్లు ఇలా చీలిపోతుంటాయి. సమతలంగా ఉంటే వేరు న్యూరాన్లు, వేవ్‌ఫార్మ్ ఎంత పోలినా సరే. సరిగ్గా సున్నా దగ్గర సూది లాంటి శిఖరం ఉంటే ఒకే స్పైక్‌ని రెండుసార్లు లెక్కపెట్టారు. అప్పుడు కలిపితే డూప్లికేట్లు అలాగే మిగులుతాయి, తక్కువ స్పైకులున్న యూనిట్ తీసేయాలి.
కలపడానికి జీ, గుడ్ అనడానికి ఆల్ట్ జీ, నాయిస్‌కి ఆల్ట్ ఎన్. కిటికీ మూసేముందు కంట్రోల్ ఎస్ కొట్టడం మరవొద్దు.

నెల్లూరు_నోట్‌బుక్
ఇదంతా ఎంఎన్ఈ పైథాన్‌లో అవుతుందా? నా దగ్గర ఈఈజీ డేటా మాత్రమే ఉంది.

శారద_సిగ్నల్స్
స్పైక్ సార్టింగ్‌కి ఎంఎన్ఈ కాదమ్మా. ఈఈజీ, ఎంఈజీకి అదే సరైనది, మ్యాట్‌ల్యాబ్‌లో నడిచే ఈఈజీల్యాబ్ చేసే పని చాలావరకు అది లేకుండానే అయిపోతుంది. ఒక్క జాగ్రత్త: ఎంఎన్ఈ ట్యుటోరియల్లో నాచ్ ఫిల్టర్ (కరెంటు హమ్ తీసేది) 60, 120, 180, 240 అని ఉంటుంది, ఆ శాంపిల్ డేటా అమెరికాది. బెంగళూరు కరెంటు 50 హెర్ట్జ్. 50, 100, 150 ఇవ్వాలి. కాపీ చేస్తే హమ్ అలాగే ఉండి, 60 దగ్గరున్న మంచి గామా పోతుంది. ఐసీఏని (కనురెప్పల కదలిక లాంటి కలుషితాల్ని విడదీసే పద్ధతి) 1 హెర్ట్జ్ హైపాస్ చేసిన కాపీ మీద ఫిట్ చేసి, అసలు డేటాకి అప్లై చేయండి. మిగతాది వేరే థ్రెడ్ పెట్టమ్మా, ఇక్కడ దారి తప్పుతుంది.

పలమనేరు_పిల్లోడు
కొత్త వరుస: బ్యాండ్‌పాస్, ఫేజ్ షిఫ్ట్, బ్యాడ్ ఛానళ్లు తీసేయడం, గ్లోబల్ మీడియన్, సేవ్, కిలోసార్ట్ తన డ్రిఫ్ట్ కరెక్షన్‌తో. వైటెన్ తీసేశా. యూనిట్లు రా ఫైల్ కంటే పెరిగాయి. సింక్ అంచులు రెండు వైపులా సమానంగానే ఉన్నాయి, టీప్రైమ్ తర్వాత శిఖరం చివరిదాకా ఒకే చోట ఉంది.
ఇంకో ప్రశ్న. యూనిట్లు పెరిగితే సార్టింగ్ మెరుగైనట్టేనా? ఎలా తెలుస్తుంది?

మారతహళ్లి_మధు
తెలియదు. సంఖ్య పెరగడం నాయిస్‌ని ముక్కలు చేసినా జరుగుతుంది. అసలు జవాబు తెలిసిన డేటా మీద పరీక్షించాలి. స్పైక్‌ఇంటర్‌ఫేస్‌లోనే జనరేట్_గ్రౌండ్_ట్రూత్_రికార్డింగ్ ఉంది. ఛానళ్లు, యూనిట్లు, నిడివి ఇస్తే కృత్రిమ రికార్డింగ్, దాని నిజమైన స్పైక్ సమయాలు రెండూ ఇస్తుంది. ఇంకాస్త వాస్తవికంగా కావాలంటే ఎంఈఏరెక్ సిమ్యులేటర్. 10 నిమిషాల డేటాని అదే పైప్‌లైన్‌లోంచి పంపి కంపేర్_సార్టర్_టు_గ్రౌండ్_ట్రూత్ నడపండి.
మీ డేటా మీదైతే, కిలోసార్ట్ 4 ఒకటి, ఇంకో సార్టర్ స్పైకింగ్ సర్కస్ 2 ఒకటి నడిపి, రెండిట్లోనూ దొరికిన యూనిట్లు చూడండి. రెండూ ఒప్పుకున్నవి సాధారణంగా నమ్మదగినవి. ఒకదానిలోనే ఉన్నవి కంటితో చూడాలి.

జీపీయూ_గోపి
వెర్షన్లు కూడా రాసి పెట్టుకో తమ్ముడూ. పైపైన అప్‌డేట్ చేస్తే ఆర్గ్యుమెంట్ల పేర్లు మారిపోతాయి. రిటర్న్_స్కేల్డ్ కాస్తా రిటర్న్_ఇన్_యూవీ అయింది. ఒక ప్రాజెక్ట్‌కి ఒక ఎన్విరాన్‌మెంట్, మధ్యలో కదపొద్దు. ఫైని విడిగా ఇంకో ఎన్విరాన్‌మెంట్‌లో వేసుకో, దాని డిపెండెన్సీలు పాతవి, కిలోసార్ట్‌తో కొట్లాడతాయి.
ఫోల్డర్ వేరే డ్రైవ్‌కి మార్చాక ఫై తెరుచుకోకపోతే పారామ్స్ ఫైల్లో డ్యాట్_పాత్ చూడు. అందులో పాత డ్రైవ్ పేరే ఉంటుంది.

శారద_సిగ్నల్స్
డేటా పంచుకోవాలనుకుంటే న్యూరోకాన్వ్ టూల్‌తో ఎన్‌డబ్ల్యూబీ ఫార్మాట్‌లోకి మార్చి, డ్యాండీ అనే ఆన్‌లైన్ డేటా భాండారంలో పెట్టొచ్చు. అప్‌లోడ్‌కి ముందు ఎన్‌డబ్ల్యూబీ ఇన్‌స్పెక్టర్ నడపండి. సాధారణంగా అడ్డుపడేవి సబ్జెక్ట్ వివరాలు: ఐడీ, జాతి శాస్త్రీయ నామం, లింగం, వయసు. వయసు "90 రోజులు" అని రాస్తే కుదరదు, పీ90డీ అనే రూపంలోనే ఇవ్వాలి.
సెషన్ మొదలైన సమయంలో టైమ్‌జోన్ స్పష్టంగా రాయండి, మనకి +05:30. రాయకపోతే ఫైల్ తయారుచేసిన కంప్యూటర్ టైమ్‌జోన్ తీసుకుంటుంది. సర్వర్ యూటీసీలో ఉంటే ఉదయం 10 గంటల ప్రయోగం మధ్యాహ్నం మూడున్నరకి జరిగినట్టు నమోదవుతుంది. సర్కేడియన్ (రోజువారీ జీవ గడియారం) పని చేసేవాళ్లకి ఆ ఐదున్నర గంటలు చాలా ఖరీదు.

పలమనేరు_పిల్లోడు
గ్రౌండ్ ట్రూత్ రన్ పెట్టాను మధు అన్నా. ఛానళ్లు 384 ఇవ్వాలా, తక్కువ సరిపోతాయా?

మారతహళ్లి_మధు
384 ఇస్తేనే డ్రిఫ్ట్ భాగం కూడా పరీక్షకి నిలుస్తుంది. డ్రిఫ్ట్ ఆపి ఒకసారి, పెట్టి ఒకసారి. స్థిరమైన కృత్రిమ డేటా మీద డ్రిఫ్ట్ కరెక్షన్ పెట్టినప్పుడు మార్కులు తగ్గితే, ఎన్‌బ్లాక్స్ ఎక్కువైందేమో చూడండి.